ఒలింపిక్ స్వర్ణం లేని పాంతురో

ఫ్రాన్స్ ఆల్పైన్ స్కీ రేసర్లలో ఎవరు గొప్ప అన్న చర్చ ఎక్కడ చదివినా 1968 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన జాఁ-క్లోడ్ కిల్లీతో మొదలవుతుంది. అలెక్సి పాంతురో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి వాక్యానికీ ఒక ‘కానీ’ తగులుకుంటుంది. ఏటా చలికాలమంతా సాగే రేసుల వరుస అయిన ప్రపంచకప్‌లో 34 విజయాలు ఉన్నాయి, మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ ఏ ఫ్రెంచ్ రేసరుకూ అన్ని లేవు, కానీ ఒలింపిక్ స్వర్ణం లేదు. 2021లో ఓవరాల్ క్రిస్టల్ గ్లోబ్ (సీజన్ మొత్తం పాయింట్లలో మొదట నిలిచినవాడికిచ్చే ట్రోఫీ) గెలిచాడు, కానీ చివరి వారం స్పీడ్ రేసులు (డౌన్‌హిల్, సూపర్-జి) రద్దవడం కలిసొచ్చింది. ఒక స్పీడ్ పరుగు, ఒక స్లాలమ్ పరుగు కలిపే కంబైన్డ్‌లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్, కానీ కంబైన్డ్‌లో పోటీ ఎక్కడ ఏడ్చింది?

వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. అయినా అన్నీ కలిపి చూస్తే తీర్పు మాత్రం తప్పుగా వస్తోంది. నా మట్టుకు నాకు పాంతురో స్కీయింగ్‌లో ఒక ప్రత్యేకమైన పరీక్షకు సిద్ధమైనవాడు. దగ్గరదగ్గరగా పాతిన గేట్ల మధ్య తిరిగే స్లాలమ్ వంకరల నుంచి దూరదూరంగా గేట్లుండే సూపర్-జి వేగం దాకా ఒకే మనిషి అన్నీ చేయగలగడం ఆ పరీక్ష. అతను అందులో శిఖరానికి చేరే సమయానికి స్కీయింగ్ సమాఖ్య ఆ పరీక్షనే ఎత్తేసింది. మిగిలిన కొలబద్దలతో కొలిచి చిన్నవాడంటున్నాం.

ఒక్కరోజు పరీక్ష

ఒలింపిక్ స్వర్ణం సంగతి ముందు తేల్చేద్దాం. అది నాకంత కష్టమైన ప్రశ్నగా అనిపించదు.

పాంతురో మూడు ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. 2014 సోచిలో జెయింట్ స్లాలమ్ (స్లాలమ్‌కూ సూపర్-జికీ మధ్యది) కాంస్యం. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో అదే విభాగంలో మళ్ళీ కాంస్యం, కంబైన్డ్‌లో రజతం. 2022 బీజింగ్‌లో ఏమీ లేదు. 2018లో ఆ రెండు స్వర్ణాలూ ఆస్ట్రియా రేసర్ మార్సెల్ హిర్షర్‌కే పోయాయి. కంబైన్డ్‌లో తేడా 0.23 సెకన్లు. ఆరోజు గాలి ఎక్కువగా ఉండటంతో, అన్నిటికంటే పొడవైన, వేగమైన పరుగైన డౌన్‌హిల్ స్టార్టును కిందికి దించారు. దూరం తగ్గిందంటే స్లాలమ్ రేసర్లకు డౌన్‌హిల్‌లో జరిగే నష్టం తగ్గిందన్నమాట. అది పాంతురోకూ లాభమే. కానీ డౌన్‌హిల్ జోలికి దాదాపు పోని హిర్షర్‌కు అంతకంటే ఎక్కువ లాభం. స్టార్టు పైనే ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. 0.23 సెకన్ల రేసులో స్టార్టు ఎక్కడ పెట్టారన్నది చిన్న విషయం కాదని మాత్రం చెప్పొచ్చు.

కిల్లీని ఎదురు నిలబెడతారు కాబట్టి గ్రెనోబుల్ ఒలింపిక్స్ లెక్క కూడా చూద్దాం. 1968లో మూడుకు మూడు స్వర్ణాలు. డౌన్‌హిల్‌లో సొంత జట్టువాడైన గీ పెరియాపై 0.08 సెకన్ల తేడా. స్లాలమ్‌లో 0.09. ఆ స్లాలమ్ దట్టమైన పొగమంచులో జరిగింది. ఎవరో దారికి అడ్డొచ్చారని ఆస్ట్రియా రేసర్ కార్ల్ ష్రాంట్స్ మధ్యలో ఆగిపోయాడు, మళ్ళీ పరుగెత్తే అవకాశం పొందాడు, కిల్లీ కంటే మెరుగైన సమయం తెచ్చాడు. తర్వాత జ్యూరీ, మొదటి పరుగులో అడ్డు రాకముందే గేట్లు తప్పాడని తేల్చి అతన్ని అనర్హుడిని చేసింది. కిల్లీ స్థాయిని తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. జెయింట్ స్లాలమ్‌లో రెండో స్థానానికి 2 సెకన్లకు పైగా తేడా పెట్టినవాడికి ఎవరి సమర్థనా అక్కర్లేదు. అయితే ఒక్కరోజు రేసులో పొగమంచూ జ్యూరీ కూడా ఫలితంలో భాగమే. కిల్లీ విషయంలో దాన్ని చరిత్ర అని వదిలేసి పాంతురో విషయంలో లోపం అని రాసుకోవడమే నాకు నచ్చనిది.

పాంతురో వైపు నుంచి దీనికి అద్దం పట్టే రోజు ఒకటుంది. 2021 ఫిబ్రవరి, కోర్టినా ప్రపంచ చాంపియన్‌షిప్, జెయింట్ స్లాలమ్. మొదటి పరుగులో ఆధిక్యంలో ఉన్నాడు. ఆ చలికాలమంతా ఆ విభాగంలో అతనే బలంగా ఉన్నాడు. రెండో పరుగులో పడిపోయాడు. స్వర్ణం సహచరుడు మాతియూ ఫేవ్రకు దక్కింది. రెండో పరుగు నియమం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. మొదటి పరుగులో తొలి 30 మందిని తిరగేసి, 30వ వాడితో మొదలుపెడతారు. మొదటివాడు చిట్టచివర దిగుతాడు. అప్పటికి ఒక్కో గేటు దగ్గర 29 మంది స్కీల అంచులు కోసిన గాడి ఉంటుంది. గాడిలోకి ఒక అడుగు పైనుంచి దిగితే స్కీ నిలకడగా తిరుగుతుంది. అడుగు కిందనుంచి, ఆలస్యంగా దిగితే బయటి స్కీ ఎగిరి బరువు లోపలి కాలిమీదికి పోతుంది. ఆధిక్యాన్ని కాపాడుకుందామని వెనక్కి తగ్గితే ఇంకా ఆలస్యమవుతుంది, కాబట్టి అదీ మార్గం కాదు. నెల తిరక్కముందే, మార్చిలో, అదే విభాగంలో అతను సీజన్ గ్లోబ్ గెలిచాడు. రెండు ఫలితాల్లో ఏది అతని స్థాయిని సరిగా చెబుతుందో నాకైతే అనుమానం లేదు.

రెండు మార్చి నెలలు

2021 గ్లోబ్ అదృష్టమన్నవాళ్లు 2020ని ఎందుకో మరిచిపోతారు.

హిర్షర్ వరుసగా ఎనిమిది ఓవరాల్ గ్లోబ్‌లు గెలిచి 2019 సెప్టెంబరులో తప్పుకున్నాడు. ఆ ఎనిమిదేళ్లలో పాంతురో 2014, 2015, 2016ల్లో మూడో స్థానంలో, 2019లో రెండో స్థానంలో నిలిచాడు. దారి తెరుచుకున్న మొదటి సీజన్‌లో ఆరు రేసులు గెలిచాడు. జోల్డెన్, గార్మిష్, హింటర్‌స్టోడర్‌లలో జెయింట్ స్లాలమ్, వాల్ దిజేర్‌లో స్లాలమ్, బోర్మియో, హింటర్‌స్టోడర్‌లలో కంబైన్డ్. అతని ప్రత్యర్థి, నార్వే స్పీడ్ రేసర్ అలెక్సాండర్ ఓమొట్ కిల్డె ఆ సీజన్‌లో గెలిచింది ఒకే ఒక్క రేసు, సాల్‌బాఖ్ సూపర్-జి. మిగతా పాయింట్లన్నీ క్రమం తప్పకుండా ముందు వరుసలో నిలిచి కూడబెట్టినవే.

మార్చి మొదటి వారం గడిచేసరికి పాంతురో 26 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. 7న క్విట్‌ఫ్యెల్ డౌన్‌హిల్‌లో కిల్డె రెండో స్థానం తెచ్చుకున్నాడు. అంటే 80 పాయింట్లు. పాంతురోకు ఆ రేసులో సున్నా. లెక్క 1202–1148కి మారింది. మర్నాటి సూపర్-జి వాతావరణం వల్ల రద్దు. కోర్టినాలో జరగాల్సిన ఫైనల్స్ కోవిడ్ వల్ల అప్పటికే రద్దు. ఇక మిగిలింది క్రాన్స్కా గోరాలో ఒక జెయింట్ స్లాలమ్, ఒక స్లాలమ్. రెండూ పాంతురో రేసులే. ఒకదాంట్లో నాలుగో స్థానం, ఇంకోదాంట్లో పదో స్థానం వచ్చినా 50, 26 కలిపి 76 పాయింట్లు. జెయింట్ స్లాలమ్‌లో కిల్డె కూడా కొన్ని తెచ్చుకునేవాడు కాబట్టి ఇది ఖాయమైన లెక్క కాదు గానీ, పందెం కాసేవాడెవడైనా పాంతురో మీదే కాసేవాడు. ఆ రెండూ కూడా రద్దయ్యాయి. ఆరు గెలిచినవాడు 54 పాయింట్ల తేడాతో ఒకటి గెలిచినవాడి వెనక నిలబడ్డాడు.

ఏడాది తిరిగి మళ్ళీ మార్చి వచ్చింది. ఈసారి వెనకనుంచి తరుముకొస్తున్నది స్విట్జర్లాండ్‌కు చెందిన 23 ఏళ్ల మార్కో ఓడెర్మాట్. మార్చిలోనే సాల్‌బాఖ్ సూపర్-జి, క్రాన్స్కా గోరా జెయింట్ స్లాలమ్ గెలిచి, ఫైనల్స్‌కు ముందు ఓవరాల్‌లో తేడాను 31 పాయింట్లకు దించాడు. జెయింట్ స్లాలమ్ పట్టికలోనైతే 25 పాయింట్లు ముందున్నాడు కూడా. ఫైనల్స్ జరిగింది అతని సొంతగడ్డ లెంజర్‌హైడెలో. మంచు, వాతావరణం సహకరించక డౌన్‌హిల్, సూపర్-జి రెండూ రద్దయ్యాయి. ఫైనల్స్‌లో రద్దయిన రేసును ఇంకెక్కడా పెట్టరు. అంతటితో సరి.

స్విస్ అభిమానుల బాధ అర్థం చేసుకోదగ్గదే. ఓడెర్మాట్‌కు రెండు రేసులు పోయాయి. లెక్కగా చూస్తే చివరి తేడా 167. రెండు స్పీడ్ రేసుల్లో గరిష్ఠంగా వచ్చేవి 200. కాబట్టి గ్లోబ్ చేతులు మారే వీలుండేదన్న మాట కొట్టిపారేయడానికి లేదు. కానీ అది జరగాలంటే ఓడెర్మాట్ ఆ రెండింట్లో కలిపి పాంతురో కంటే 168 పాయింట్లు ఎక్కువ తేవాలి. అప్పటికి అతను ప్రపంచకప్ డౌన్‌హిల్ ఒక్కటీ గెలవలేదు. పాంతురో సూపర్-జిలో దిగేవాడే. పైగా అంతకు నెల ముందే కోర్టినాలో సూపర్-జి ప్రపంచ కాంస్యం తెచ్చుకున్నాడు.

ఊహలు పక్కనపెట్టి నిజంగా జరిగిన రేసు చూడండి. మార్చి 20, పాంతురో ముప్పయ్యో పుట్టినరోజు. జెయింట్ స్లాలమ్. ఇద్దరికీ ఒకే వాలు, ఒకే విభాగం, ఇద్దరిలో ఎవరికీ పరాయి రేసు కాదు. పాంతురో గెలిచాడు, 100. ఓడెర్మాట్ పదకొండో స్థానం, 24. ఆ ఒక్క ఉదయంలో జెయింట్ స్లాలమ్ గ్లోబ్ 700–649తో చేతులు మారింది, ఓవరాల్ గ్లోబ్ తేలిపోయింది. మర్నాడు స్లాలమ్‌లో మూడో స్థానంతో ఇంకో 60 కలిశాయి. మొత్తం 1260. రద్దు వల్ల ఓడెర్మాట్ నష్టపోయాడన్నది నిజమే. అయితే నేరుగా తలపడిన రోజున ఓడిపోయాడన్నదీ అంతే నిజం.

ఇంకో సంగతి ఈ వాదంలో సాధారణంగా ఎవరూ ఎత్తరు. 2020–21లో కోవిడ్ పేరు మీద ప్రపంచకప్ క్యాలెండరులో కంబైన్డ్ రేసే పెట్టలేదు. అంతకుముందు సీజన్‌లో మూడు కంబైన్డ్‌లలో పాంతురో రెండు గెలిచి ఒకదాంట్లో రెండో స్థానంలో నిలిచాడు. 280 పాయింట్లు, అతని మొత్తంలో దాదాపు పాతిక శాతం. అంటే 2021 గ్లోబ్ అతను తన బలమైన విభాగం లేకుండా గెలిచింది. జెయింట్ స్లాలమ్ 700, లెహ్‌లో గెలిచిన ప్యారలల్ రేసు (ఇద్దరు పక్కపక్కన దిగేది) 100, మిగతా 460 ప్రధానంగా స్లాలమ్, సూపర్-జిల నుంచి. జనవరిలో అడెల్‌బోడెన్‌లో వరుసగా రెండు రోజులు రెండు జెయింట్ స్లాలమ్‌లు గెలవడంతోనే మొత్తంలో ఆరో వంతు వచ్చేసింది.

గ్లోబ్ అన్నీ వచ్చినవాడికేనా?

ఇక్కడ నా వాదానికే అడ్డొచ్చే విషయం ఒకటుంది. దాన్ని దాటిపోతే నిజాయితీ కాదు. ఓవరాల్ గ్లోబ్ అన్ని విభాగాలూ చేసేవాడి కొలత అని పేరే గానీ, పాయింట్ల పట్టిక అలా చెప్పదు.

గెలుపుకు 100, రెండుకు 80, మూడుకు 60, నాలుగుకు 50, ఐదుకు 45. అలా తగ్గుతూ ముప్పయ్యో స్థానానికి 1. మొదటి రెండు మెట్ల మధ్య 20 పాయింట్లు, పది, పదకొండు స్థానాల మధ్య 2. ఈ ఏటవాలు చూస్తే ఏం చేయాలో తెలిసిపోతుంది. నాలుగు విభాగాల్లో ఎనిమిదో స్థానం తెచ్చుకునేవాడికి వచ్చేది 128. ఒకే విభాగంలో రెండుసార్లు గెలిచేవాడికి 200. ఫ్రాన్స్‌కే చెందిన లుక్ అల్ఫాన్ 1997లో డౌన్‌హిల్, సూపర్-జిలతోనే ఓవరాల్ ఎగరేసుకుపోయాడు, అన్నీ చేసే నార్వేజియన్ షెటిల్ ఆండ్రె ఓమొట్‌ను దాటి. హిర్షర్ ఎనిమిది గ్లోబ్‌లకూ పునాది స్లాలమ్, జెయింట్ స్లాలమ్. అప్పుడప్పుడూ ఒక సూపర్-జి. 2022 నుంచి 2025 దాకా వరుసగా నాలుగు గెలిచిన ఓడెర్మాట్ స్లాలమ్ ముట్టుకోడు.

అందుకే 1967 నాటి పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. తొలి ప్రపంచకప్‌లో ఒక్కో విభాగంలో మూడు మంచి ఫలితాలే లెక్కించేవాళ్లు. గెలుపుకు 25. విభాగానికి గరిష్ఠం 75, మూడు విభాగాలకు 225. కిల్లీ 17 రేసుల్లో 12 గెలిచి ఆ 225కి 225 తెచ్చుకున్నాడు. ఒక విభాగంలో ఎన్ని గెలిచినా 75 దాటదు కాబట్టి అన్నిటిలో బాగుండక తప్పదు. ఆ పట్టికకు లోపాలు లేకపోలేదు. ముందే మూడు గెలిచేసినవాడికి మిగతా రేసుల మీద ఆసక్తి పోతుంది. అయినా అది అడిగే ప్రశ్న వేరు.

దీన్నిబట్టి చూస్తే పాంతురో దారి లెక్క ప్రకారం దండగమారి దారి. ఏళ్ల తరబడి స్లాలమ్, జెయింట్ స్లాలమ్, సూపర్-జి, కంబైన్డ్ అన్నీ మోశాడు. అన్నిటికీ వేర్వేరు సరంజామా కావాలి. స్లాలమ్ స్కీ 165 సెంటీమీటర్లు. జెయింట్ స్లాలమ్‌ది 193, వంపు వ్యాసార్ధం కనీసం 30 మీటర్లు. సూపర్-జికి అది 45 మీటర్లు, పొడవు రెండు మీటర్లు దాటుతుంది. కర్రలు వేరు, బూట్ల బిగింపు వేరు. అసలు ఇబ్బంది సామానుతో కాదు, రోజులతో. ఒక మంగళవారం సూపర్-జి సాధన చేస్తే ఆ రోజు స్లాలమ్ గేట్లు పోయినట్టే. స్లాలమ్‌లో దిశ మారే వ్యవధి సెకను లోపే. కాళ్లు ఆ తాళాన్ని వారం రోజుల్లో మరిచిపోతాయి. స్లాలమ్ మాత్రమే చేసే క్లెమాఁ నొయెల్ లాంటివాడు అదే వారంలో అయిదు రోజులు గేట్ల మధ్యే ఉంటాడు. పాంతురో 34 విజయాల్లో స్లాలమ్‌లు మూడే కావడానికి, సగానికి పైగా జెయింట్ స్లాలమ్‌లు కావడానికి కారణం ఇదేననుకుంటాను. జెయింట్ స్లాలమ్ నడిమధ్యన ఉంటుంది. అటు సాధన చేసినా ఇటు సాధన చేసినా కొంత దానికి పనికొస్తుంది.

మరి ఇంత దండగ దేనికి? ఒకే చోట దానికి పూర్తి ప్రతిఫలం ఉండేది. కంబైన్డ్‌లో.

కంబైన్డ్‌ను చిన్నచూపు చూసేముందు

పొద్దున డౌన్‌హిల్ గానీ సూపర్-జి గానీ ఒక పరుగు, మధ్యాహ్నం స్లాలమ్ ఒక పరుగు, రెండు సమయాలు కలుపుతారు. చెప్పడానికి ఇంతే. పోటీ పలచగా ఉండేదన్న మాట నేను ఒప్పుకుంటాను. సీజన్‌కు రెండు మూడు రేసులు, పూర్తి స్థాయిలో రెండూ చేయగలవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమంది. పాంతురో 34లో పది ఇక్కడివే. అవి తీసేస్తే 24. కిల్లీ పేర ఉన్నవి 18. ఆయన కాలానికి ప్రపంచకప్ రెండు చలికాలాల వయసుది కాబట్టి ఆ పోలిక సరి కాదు గానీ, కంబైన్డ్ తీసేస్తే పాంతురో కుప్పకూలిపోడన్నంతవరకు పనికొస్తుంది.

పోటీ పలచగా ఉండటానికి కారణం ఆ పని తేలిక కావడం కాదు. పొద్దున గంటకు 100 కిలోమీటర్ల వేగంలో పొడవాటి స్కీల మీద, ఒక్కో మలుపు రెండు సెకన్లకు పైగా సాగే తాళంలో ఉన్న శరీరాన్ని మూడు నాలుగు గంటల్లో పొట్టి స్కీల మీదికి, సెకను లోపు తాళంలోకి తేవాలి. తప్పు ఎక్కువగా మొదటి పది గేట్లలోనే దొరికిపోతుంది. పొద్దుటి అలవాటున భుజం మలుపులో ఉండిపోతుంది, తర్వాతి గేటుకు ఆలస్యం, దాన్ని సరిచేసుకోబోయి గీత మరీ బిగించడం, స్కీ ముక్కు గేటు తప్పు వైపునుంచి వెళ్ళి స్తంభం రెండు కాళ్ల మధ్యకు రావడం. ఆట ముగిసింది.

నియమాలు కూడా ఇక్కడ తరచూ మారాయి. 2019 ఓరె ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్లాలమ్‌కు తిరగేసిన వరుసే ఉండేది. డౌన్‌హిల్‌లో 30వ స్థానంలో ఉన్న స్లొవేనియా రేసర్ స్టెఫాన్ హదాలిన్ స్లాలమ్‌లో మొట్టమొదట, చెక్కుచెదరని మంచు మీద దిగి రజతం ఎగరేసుకుపోయాడు. 24వ స్థానం నుంచి దిగిన పాంతురో స్వర్ణం గెలిచాడు. ఇలా అయితే డౌన్‌హిల్‌లో ముందుండి ప్రయోజనం ఏముందన్న గొడవ లేచింది. న్యాయమైన గొడవే. తర్వాత నియమం మార్చి, పొద్దున మొదట నిలిచినవాడే స్లాలమ్‌లోనూ మొదట దిగేలా చేశారు. ఇప్పుడు స్పీడ్ రేసర్లకు లాభం. 2020 జనవరిలో వెంగెన్‌లో ఆస్ట్రియా డౌన్‌హిల్ రేసర్ మథియాస్ మేయర్ గెలిచాడు, పాంతురో రెండో స్థానం.

2023 ఫిబ్రవరి, కుర్షెవెల్. పాంతురో సొంతూరు, ఎక్లిప్స్ వాలు. పాత నియమంలో లాభపడ్డవాడికి కొత్త నియమంలో గడ్డుకాలమే అనుకోవాలి. అతను పొద్దున సూపర్-జిలోనే అందరికంటే ముందు నిలిచాడు. స్లాలమ్‌లో మొదట దిగాడు, 0.10 సెకన్ల తేడాతో ఆస్ట్రియా రేసర్ మార్కో ష్వార్ట్స్‌ను ఆపాడు. ష్వార్ట్స్ అంతకు రెండేళ్ల కింద కోర్టినాలో ఇదే విభాగంలో పాంతురోను రెండో స్థానానికి నెట్టినవాడు. రెండు రోజుల తర్వాత అదే వాలు మీద, స్పీడ్ వీరులందరూ దిగిన సూపర్-జిలో పాంతురోకు కాంస్యం. జేమ్స్ క్రాఫర్డ్, కిల్డెల తర్వాత. ఓరెలో స్లాలమ్ చేత్తో, కుర్షెవెల్‌లో సూపర్-జి చేత్తో, రెండు విరుద్ధమైన నియమాల కింద ఒకే పతకం గెలిచినవాణ్ణి ‘కంబైన్డ్‌లో పోటీ లేదు’ అని పక్కన పెట్టడం నాకు కుదరదు.

అయితే ప్రపంచకప్‌లో పురుషుల చివరి కంబైన్డ్ 2020 మార్చి 1న హింటర్‌స్టోడర్‌లో జరిగింది. గెలిచింది పాంతురోనే. కోవిడ్ కోసం తీసిన విభాగం కోవిడ్ పోయాక తిరిగి రాలేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్కరే చేసే కంబైన్డ్ కుర్షెవెల్‌తో ఆగిపోయింది. అక్కడా చివరి విజేత అతనే.

సూపర్-జి వైపు

గ్లోబ్ గెలిచాక పాంతురోకు మళ్ళీ ప్రపంచకప్ రేసులో గెలుపు దక్కలేదు. క్రమంగా స్లాలమ్ వదిలేసి స్పీడ్ వైపు జరిగాడు. దీన్ని దురాశ అని, వయసు గుర్తించకపోవడం అని రాసినవాళ్లున్నారు. నేను లెక్కగా చూస్తాను. కంబైన్డ్ లేనప్పుడు సూపర్-జి మనిషి స్లాలమ్ కాళ్లను బతికించుకోవడానికి కారణం లేదు. ముప్పై దాటినవాడికి స్లాలమ్‌లో ఇరవై ఏళ్ల నిపుణులతో పెట్టుకోవడం వృథా. జెయింట్ స్లాలమ్‌లో ఓడెర్మాట్ అందనంత దూరం పోయాడు. మిగిలింది సూపర్-జి. అందులో అతను 2014లోనే ఒక ప్రపంచకప్ రేసు, అదీ లెంజర్‌హైడెలోనే, గెలిచాడు. 2021లోనూ 2023లోనూ ప్రపంచ కాంస్యాలు ఉన్నాయి.

ఆ దారి ఎంత ప్రమాదమో మాత్రం లెక్కకు అందదు. డౌన్‌హిల్‌కు ముందు సాధన పరుగు ఉంటుంది. సూపర్-జికి ఉండదు. పొద్దున గేట్ల పక్కగా మెల్లగా జారుతూ ఒక్కసారి చూసుకోవాలి, అంతే. ఎగుడు దగ్గర గాల్లోకి ఎంత వేగంతో లేస్తామో, ఎక్కడ దిగుతామో ఊహించుకోవాల్సిందే. ఏళ్ల తరబడి అదే వాలు మీద డౌన్‌హిల్ చేసినవాడికి ఆ ఊహ ఒంట్లో ఉంటుంది. పక్కదారిన వచ్చినవాడు దాన్ని రేసులోనే నేర్చుకోవాలి. 2024 జనవరిలో వెంగెన్ సూపర్-జిలో పాంతురో పడి మోకాలి ముందు లిగమెంటు తెగింది. ఆ వారం మూడు రోజుల్లో మూడు స్పీడ్ రేసులు పెట్టారు, మర్నాడు కిల్డె కూడా ఘోరంగా పడ్డాడు. కోలుకుని వచ్చాక 2025 జనవరిలో కిట్జ్‌బ్యూల్ సూపర్-జిలో మళ్ళీ పడ్డాడు, మళ్ళీ మోకాలే.

పక్కదారిన వచ్చి రాణించినవాడు ఫ్రెంచ్ జట్టులోనే ఉన్నాడు కదా అని అడగొచ్చు. సిప్రియాఁ సరాజాఁ కూడా జెయింట్ స్లాలమ్ నుంచే స్పీడ్‌కు మారాడు. పాంతురో పడిన ఆ వెంగెన్ సూపర్-జి గెలిచింది అతనే, మరుసటి వారం కిట్జ్‌బ్యూల్‌లో రెండు డౌన్‌హిల్‌లూ గెలిచాడు. అదే ఏడాది డిసెంబరులో బోర్మియో సాధన పరుగులో తలకు తీవ్రమైన గాయమైంది. కాబట్టి ఈ ఉదాహరణ ఎటు వాదిస్తుందో నాకు స్పష్టంగా లేదు. పాంతురో మారి ఉండాల్సింది కాదని నేననను. మారక తప్పని స్థితిని క్యాలెండరు సృష్టించిందంటాను.

కంబైన్డ్ స్థానంలో ఇప్పుడు టీమ్ కంబైన్డ్ వచ్చింది. ఒకడు డౌన్‌హిల్ చేస్తాడు, ఇంకొకడు స్లాలమ్ చేస్తాడు, సమయాలు కలుపుతారు. 2025లో సాల్‌బాఖ్‌లో స్విస్ జోడీ ఫ్రాన్యో ఫాన్ ఆల్మెన్, లోయిక్ మెయార్ గెలిచారు. చూడటానికి బాగుంటుంది, టీవీకి బాగుంటుంది. కానీ సూపర్-జి కూడా చేసే మెయార్ అక్కడ స్లాలమ్ మాత్రమే చేశాడు. ఇద్దరు నిపుణుల్ని కలపడం తేలిక, ఒక్కడే ఇద్దరి పనీ చేయడం తేలిక కాదు. ఈ రెండో పనికి ఇప్పుడు పతకం లేదు, పాయింట్లూ లేవు.

కుర్షెవెల్ క్లబ్బులో పదిహేడేళ్ల కుర్రాడికి జెయింట్ స్లాలమ్ బాగా వస్తోందనుకోండి. అటు సూపర్-జినా ఇటు స్లాలమా అని ఏదో ఒకటి ఎంచుకోమని కోచ్ చెబుతాడు. ఇప్పటి పట్టిక ప్రకారం కోచ్ మాటే సరైనది, ఓడెర్మాట్ గ్లోబ్‌లే సాక్ష్యం. క్యాలెండరులో మూడు కంబైన్డ్‌లు తిరిగి పెడితే ఆ సలహా మారుతుంది. మూడంటే 300 పాయింట్లు. 2020లో ఓవరాల్ తేడా 54, 2021లో 167.